ఈ చెక్క ఎక్కడిది? ఈ డ్రమ్ము ఎవరిది?

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేదీ, నీళ్లు నిలిచేదీ, పాత బండి నడిచేదీ కంపెనీల మిగులుతోనే. సొంత చేత్తో చేసుకునే ఆ పనుల గురించీ, వాటి వెంట ఇంట్లోకి వచ్చే ముప్పు గురించీ ఈ వారం ముఖచిత్ర కథనం.

ఆ చెక్క మీద గోధుమ కంకి బొమ్మ ఉంది. చిన్న గడిలో కాల్చి వేసిన ముద్ర. కంకి పక్కన కొన్ని ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, చివర ‘ఎంబీ’ అని రెండు అక్షరాలు. ఇస్నాపూర్‌లో లైను గదుల వెనక, గోడకూ మురికి కాలువకూ మధ్య ఉన్న మూడడుగుల జాగాలో ఒక అక్క ఆ చెక్కను రాయి మీద వాలుగా నిలబెట్టి గొడ్డలి ఎత్తింది. పక్కన అలాంటివే ఇంకో బస్తాడు.

“ఎక్కడిదక్కా ఈ కట్టె?”

“కంపెనీ కట్టె అన్నా. స్క్రాపోళ్ల దగ్గర బస్తా లెక్కన ఇస్తరు. మంచిగ ఎండి ఉంటది, అగ్గిపుల్ల గీస్తే అంటుకుంటది.”

ఆమెది నారాయణఖేడ్ దిక్కు. ఊళ్లో ఉన్నప్పుడు ఏ కట్టె ఎట్లా మండుతుందో చూపుతోనే చెప్పేది. తుమ్మ నిలిచి కాలుతుంది, కందికట్టె భగ్గున లేచి చప్పున ఆరుతుంది, చింత కట్టె గొడ్డలికి లొంగదు. ఆ చెట్లన్నీ ఆమెకు తెలిసినవే. ఈ చెక్క ఏ చెట్టుదో, ఏ దేశం తిరిగి వచ్చిందో, దాని మీద ఏం ఒలికిందో మాత్రం ఆమెకు చెప్పినవాళ్లు లేరు. ఈ పారిశ్రామిక వాడలో సొంతంగా పని చేసుకునే ప్రతి మనిషి ముందూ ఉన్న చిక్కు ఇదే. చేతులకు పని తెలుసు. చేతికొచ్చిన వస్తువు పుట్టుక తెలియదు.

కంకి ముద్ర సంగతి ముందు చెప్పాలి. దేశాల మధ్య సరుకుతో పాటు చెక్కపురుగులు కూడా ప్రయాణం చేయకుండా, అంతర్జాతీయ మొక్కల సంరక్షణ ఒప్పందం కింద 2002లో ఒక నిబంధన తెచ్చారు. ఎగుమతి సరుకు కింద వేసే చెక్క ప్యాలెట్లను, పెట్టెలను పురుగు చచ్చేలా శుద్ధి చేసి ముద్ర వేయాలి. ముద్రలో ‘హెచ్‌టీ’ ఉంటే వేడితో శుద్ధి చేశారని అర్థం, చెక్క లోపలి భాగం దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాల పాటు తగిలేలా. ‘ఎంబీ’ ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. ఆ వాయువు చాలామటుకు ఎగిరిపోతుంది గానీ, ఆ ముద్ర ఉన్న చెక్కను ఇంటి సామానుకు వాడొద్దనీ, పొయ్యిలో పెట్టొద్దనీ తెలిసినవాళ్లు చెబుతారు. ‘హెచ్‌టీ’ చెక్కకు ఆ దోషం లేదు. అయినా అది మందుల కంపెనీ గోదాములో నాలుగేళ్లు నేల మీద పడి ఉంటే, దాని మీద ఏ పీపా కారిందో ఏ ముద్రా చెప్పదు. ‘ఎంబీ’ ముద్ర ఉన్న చెక్క, మరకలు పడిన చెక్క, ఘాటు వాసన వేసే చెక్క, రంగు వేసిన చెక్క, జిగురుతో అతికిన ప్లైవుడ్ ముక్క, ఈ ఐదూ వంటపొయ్యికి పనికిరావు. మిగిలింది నిక్షేపంగా వాడుకోవచ్చు. ఈ రెండు వాక్యాలు తెలుగులోనూ హిందీలోనూ ప్రతి స్క్రాప్ దుకాణం ముందూ రాసిపెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

గ్యాసు ఉందిగా అనవచ్చు. ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది, 2024లో తెలంగాణలో ఐదు వందల రూపాయల సిలిండరు మొదలైంది. చిరునామా రుజువు అక్కర్లేని ఐదు కిలోల చిన్న సిలిండర్లూ దొరుకుతున్నాయి. కానీ నెల మధ్యలో అది అయిపోయి, జీతం ఇంకా పది రోజుల దూరంలో ఉన్నప్పుడు, ఆ పది రోజుల అన్నం కట్టె మీదే ఉడుకుతుంది. స్నానాల నీళ్లు కాగేది ఎప్పుడూ కట్టె మీదే.

మిరుగు లోపల

మా అవ్వ కట్టెలు పేర్చడం చూసి పెరిగినవాణ్ని. సంగారెడ్డికి పది కిలోమీటర్ల దూరంలో మా ఊరు. ఉగాది దాటగానే ఆమె కన్ను కట్టెల మీద పడేది. మిరుగు పడే లోపల, అంటే జూన్ మొదటి వారం లోపల, వానకాలానికి సరిపడా కట్టె ఎండి గోడ వార చేరాలి. కంది కోసిన చేన్లోంచి కందికట్టె, పొలం గట్ల మీది సర్కారు తుమ్మ, రాలిన వేపకొమ్మలు. కందికట్టె అంటే ఇక్కడివాళ్లకు పొయ్యి ఒక్కటే కాదు, దడి కూడా, గడ్డివాము కింద పరుపు కూడా. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పెట్టినప్పుడు పరిశోధనకు తీసుకున్న పంటల్లో జొన్న, సజ్జ, శనగలతో పాటు కంది కూడా ఉంది. కందికి రైతు ఇంట్లో గింజతోనే విలువ కట్టరు. పప్పు తిన్న నెలల తర్వాత కూడా ఆ మొక్క పొయ్యిలో పని చేస్తూనే ఉంటుంది.

అవ్వ మొదట రెండు వరసల రాళ్లు పరిచేది. కట్టె నేలకు తగలకూడదు, తగిలితే చెదలు. రాళ్ల మీద లావు దుంగలు, వాటి మీద అడ్డంగా సన్నవి, మళ్లీ నిలువుగా. మధ్యలో చేయి దూరేంత సందు. ఆ సందులు ఎందుకని అడిగితే “గాలి రావొద్దా బిడ్డా, కట్టె గూడ ఊపిరి తీసుకుంటది” అనేది. పైన తాటాకు కప్పేది గానీ పక్కలకు ఎప్పుడూ కప్పలేదు. ఇవాళ ఇస్నాపూర్‌లో, రుద్రారంలో కట్టెల కుప్పలను నీలం ప్లాస్టిక్ పట్టాతో మెడ దాకా చుట్టేస్తున్నారు. లోపలి తడి బయటికి పోలేక పట్టా లోపలి వైపు చెమట పట్టి, మళ్లీ కట్టె మీదే కారుతుంది. నెల తిరిగేసరికి బూజు. పట్టా ఉంటే తలమీద వేస్తే చాలు. పక్కలు తెరిచే ఉంచాలి.

మన దగ్గర నైరుతి ముసురు పడమర నుంచి ఏటవాలుగా కొడుతుంది కాబట్టి కుప్ప ఇంటికి తూర్పు గోడ వార ఉంటే సగం తడుపు తప్పుతుంది. గోడకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచాలి. అది గాలి కోసమే కాదు, తేలు కోసం కూడా. వానాకాలం రాత్రి కట్టెల్లో చేయి పెట్టేముందు అవ్వ పొడుగు కర్రతో కుప్పను రెండు సార్లు తట్టి, కాసేపు ఆగి, అప్పుడు తీసేది. లైటు లేనిచోట ఇప్పటికీ అంతకు మించిన పద్ధతి లేదు.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడాలి. ఎండింది టంగున మోగుతుంది, పచ్చిది దబ్బున మూగగా పలుకుతుంది. కోసిన మొహాన చీలికలు కనబడాలి. అప్పుడే నరికిన కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే. అది ఇరవై శాతం లోపలికి దిగితే గానీ కట్టె సరిగా మండదు. పచ్చికట్టె పెడితే మంటలోని వేడి అన్నం కుండకు పోకుండా ఆ నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది. మిగిలేది పొగ. ఆ పొగ కూర్చునేది ఊదుగొట్టం పట్టుకున్న ఆడమనిషి ఊపిరితిత్తుల్లో, ఆమె ఒళ్లో ఉన్న పసిదాని ఊపిరితిత్తుల్లో. కట్టెలు బాగా పేర్చడం నా దృష్టిలో ఇంటి ఆరోగ్యానికి సంబంధించిన పని, సర్దుడు పని కాదు.

ఈ విద్యను చిన్నచూపు చూడని దేశాలున్నాయి. నార్వేలో లార్స్ మిట్టింగ్ అనే రచయిత 2011లో కట్టెలు నరకడం, పేర్చడం, ఎండబెట్టడం మీదే ఒక పుస్తకం రాస్తే జనం ఎగబడి కొన్నారు. 2013లో అక్కడి ప్రభుత్వ టీవీ ఒక రాత్రంతా కట్టెల మీద, పొయ్యిలో మంట మీద కార్యక్రమం వేసింది. బెరడు పైకి ఉండాలా కిందికి ఉండాలా అని ప్రేక్షకులు రెండు జట్లుగా చీలి వాదులాడుకున్నారు. మా అవ్వ ఉంటే బెరడు పైకే అనేది. వాన జారిపోతుందని.

సామిల్లు దగ్గర ఊరికే దొరికే రంపపు పొట్టుతో పొట్టుపొయ్యి చేసుకునే పద్ధతి కూడా ఈ వాడలో ఇంకా బతికే ఉంది. ఐదు లీటర్ల పాత రేకు డబ్బాకు అడుగున పక్కగా రెండు వేళ్ల వెడల్పు రంధ్రం చేస్తారు. నడిమధ్య ఒక సీసా నిలబెట్టి, ఆ కింది రంధ్రంలోంచి ఒక కర్ర దూర్చి, చుట్టూ పొట్టు పోసి గట్టిగా కూరుతారు. సీసా, కర్ర మెల్లగా తిప్పుతూ లాగేస్తే లోపల పొగగొట్టంలాంటి దారి మిగులుతుంది. కింద నిప్పు పెడితే ఒక పూట వంట సాగుతుంది, ఊదే పని లేదు. అయితే ఆ డబ్బాలో మునుపు ఏముండేదో అడగాలి. నూనె డబ్బా అయితే సరే.

నీలి డ్రమ్ము

అడగకుండా తెచ్చుకుంటే ఏమవుతుందో డ్రమ్ము దగ్గర తెలుస్తుంది. ముత్తంగి నుంచి పాశమైలారం దాకా, బొల్లారం నుంచి కాజీపల్లి, గడ్డపోతారం దాకా రేకుల షెడ్ల ముందు వరసగా కనబడేవి రెండు వందల లీటర్ల నీలి ప్లాస్టిక్ డ్రమ్ములు. ట్యాంకరు వచ్చే ఊళ్లలో అవే నీళ్ల తొట్లు. నిలువునా కోస్తే పశువుల కుడితి తొట్టి, అడ్డంగా కోస్తే పూలకుండీ. కొత్తది కొనలేనివాడికి పాతది వరమే. కానీ ఈ డ్రమ్ములు ఏ దారిన ఇంటి ముందుకొచ్చాయో చూడండి.

ఇందిరాగాంధీ 1980లో మెదక్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఆ దశకంలో ఈ చుట్టుపక్కల పరిశ్రమలు ముమ్మరమయ్యాయి. అంతకు ముందే రామచంద్రాపురంలో భెల్ ఉంది. తర్వాత ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చింది. వీటితో పాటు వచ్చినవి మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలు. నక్కవాగు రంగు మారింది. 1990లో ఈ ప్రాంత కాలుష్యం మీద కేసు సుప్రీంకోర్టుకు చేరింది. పటాన్‌చెరు వైద్యుడు అల్లాణి కిషన్‌రావు గారు తన ఆస్పత్రికి వచ్చే రోగుల జబ్బులను చూసి దశాబ్దాల పాటు పోరాడారు. 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం కంపెనీల వ్యర్థ నీటిని శుద్ధి చేసే ఇక్కడి కేంద్రం నుంచి బయటికి వదిలిన నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రచురించింది. అది రోగికిచ్చే యాంటీబయాటిక్. శుద్ధి చేసిన నీటిలోనే అంత ఉంటే, కడగని డ్రమ్ము అడుగున ఏముండి ఉంటుంది?

కడిగితే పోతుందిగా అంటారు. సర్ఫు వేసి, సున్నం వేసి, ఎండలో పెట్టి వాసన పోయిందంటారు. వాసన పోవడం వేరు, వస్తువు పోవడం వేరు. ఈ ప్లాస్టిక్ కొన్ని ద్రావకాలను తనలోకి పీల్చుకుంటుంది, తర్వాత నీళ్లలోకి కొద్దికొద్దిగా వదులుతుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూలులోనే రసాయనాలు అంటిన ఖాళీ పీపాలను, డబ్బాలను ప్రమాదకర వ్యర్థాలుగా లెక్కగట్టారు. అంటే అనుమతి ఉన్న సంస్థలకు పంపడానికి తప్ప వాటిని కంపెనీ గేటు దాటించకూడదు. దాటుతున్నాయి. ఇంటి ముందు డ్రమ్ము పెట్టుకున్న తల్లిని తప్పుబట్టి లాభం లేదు. గేటు లోపలే ఆ డ్రమ్ముకు నాలుగు చిల్లులు పొడిస్తే అది ఇక ఎవరి మంచినీళ్ల తొట్టీ కాదు. పావు నిమిషం పని అది.

ఇనుప డ్రమ్ము ముప్పు మరో రకం. నీళ్లు కాచే పొయ్యి చేద్దామని, తందూరీ భట్టీ చేద్దామని మూత బిగించి ఉన్న డ్రమ్మును గ్యాసు కట్టరుతో కోస్తారు. అడుగున గరిటెడు థిన్నరు మిగిలి ఉన్నా చాలు, దాని ఆవిరి డ్రమ్మంతా నిండి ఉంటుంది. మంట తగిలిన క్షణం అది బాంబే. తెలిసిన వెల్డరు రెండు మూతలూ తీసి, కడిగి, మెడ దాకా నీళ్లు నింపి, పైన మిగిలిన ఆ కాస్త ఖాళీలోనే కోత మొదలుపెడతాడు. తెలియని మనిషి కొనేటప్పుడే మూత లేని డ్రమ్ము కొనుక్కోవాలి. అంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు.

నీళ్లు ఎటు పోతున్నయో సూడు

ఇక నా మనసుకు దగ్గరైన పని. మా నాయిన రామచంద్రాపురంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. మా ఇంట్లో పాత మారుతి 800 ఉండేది. ఆ బండి 1983 డిసెంబరులో దేశంలో రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. సంగారెడ్డి, సదాశివపేట సందుల్లో ఇప్పటికీ తిరుగుతోంది. దాని రేకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు. మా బండి ఎడమ తలుపు అడుగు అంచున రంగు పొక్కులు లేచింది. నేను బజారుకు పోయి లప్పం డబ్బా, రంగు డబ్బా తెచ్చాను. గీకి, లప్పం పెట్టి, రంగు కొట్టాను. ఒక వానకాలం గడిచింది. అదే చోట, ఈసారి చారెడు వెడల్పున, పొక్కులు.

నాయిన అప్పుడు వచ్చి తలుపు తీసి, అడుగు అంచు కింద వేలు పెట్టి చూపించాడు. “గది తుప్పు గాదు బిడ్డా, గది నీళ్లు. ముందుగాల నీళ్లు ఎటు పోతున్నయో సూడు.”

కారు తలుపు లోపలికి నీళ్లు రావడం సహజం. అద్దం పక్క రబ్బరు సందుల్లోంచి వాన నీళ్లు దిగుతాయి. అవి బయటికి పోవడానికి తలుపు అడుగున చిన్న రంధ్రాలుంటాయి. మట్టి, ఆకులు పడి అవి పూడిపోతే నీళ్లు లోపలే నిలుస్తాయి. తుప్పు లోపలి నుంచి బయటికి తింటూ వస్తుంది. మనకు పొక్కు కనబడే నాటికి రేకు లోపలివైపు జల్లెడ అయి ఉంటుంది. పైగా ఇనుము తుప్పుగా మారితే అంతకు ముందున్న దానికంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, అందుకే రంగు లేస్తుంది. పరిశ్రమల పొగలో ఉండే గంధకపు ఆమ్ల వాయువులు మంచుతో కలిసి బండి మీద పేరుకునే చోట ఈ పని ఇంకా తొందరగా సాగుతుంది. తుప్పు మీద రంగు కొట్టడమంటే చెదలు తిన్న దూలానికి సున్నం పూయడమే.

ఆ ఎండాకాలం మేమిద్దరం ఆ తలుపు మీద మూడు ఆదివారాలు పని చేశాం. మొదటి ఆదివారం సైకిల్ పుల్లతో రంధ్రాలు తీయడం, స్క్రూడ్రైవరు పిడితో అంగుళం అంగుళం తట్టడం. గట్టి రేకు మోగుతుంది, తిన్న రేకు పొడిగా చప్పుడు చేస్తుంది. కట్టెల పరీక్షే. మెరిసే ఇనుము కనబడేదాకా కోసేశాం. నేను ఊహించిన దానికి మూడింతల రేకు పోయింది.

అతుకుకు రేకు కావాలి. పెరట్లో పాడైపోయిన ఆల్విన్ ఫ్రిజ్ ఉంది. హైదరాబాద్‌లో 1942లో పుట్టిన ఆల్విన్, ఫ్రిజ్‌ల కంటే ముందు బస్సు బాడీలు కట్టిన కంపెనీ. డబుల్ డెక్కర్లు కట్టింది. నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో వ్యాన్లు చేసింది, ఆ ఫ్యాక్టరీయే తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. మియాపూర్ దగ్గర చౌరస్తాకు ఇప్పటికీ దాని పేరే. నాయిన ఆ ఫ్రిజ్ పక్క రేకును అట్టముక్కతో కొలత తీసి కత్తిరించాడు. కత్తిరిస్తూ “మంచి రేకు” అని రెండు సార్లు అన్నాడు. ఆయన వస్తువులను అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు.

వెల్డింగుకు ముందు ఫ్రిజ్ రేకు మీది ఎనామిల్ రంగంతా గీకాం. బ్యాటరీ తీసేశాం. తలుపును బండి నుంచి విడదీసి దూరంగా పెట్టుకున్నాం, పెట్రోలు ట్యాంకు ఉన్న బండి దగ్గర నిప్పురవ్వలు వద్దని. వరసగా వెల్డింగ్ చేసుకుంటూ పోతే పలుచని రేకు వేడికి వంకర పోతుంది. అందుకని ఆ మూల ఒక చుక్క, ఈ మూల ఒక చుక్క, చల్లారనిచ్చి మళ్లీ ఒకటి. జీఐ రేకయితే ఇంకో జాగ్రత్త ఉంది. దాని మీది జింకు పూత కాలి తెల్లటి పొగ వస్తుంది, ఆ రాత్రి చలిజ్వరం పట్టుకుంటుంది. వెల్డర్లకు ఈ జ్వరం బాగా తెలుసు. పని అయ్యాక బెల్లం ముక్క చప్పరించడం మన ఫ్యాక్టరీల అలవాటు. లక్నోలోని పారిశ్రామిక విష పరిశోధన కేంద్రం వాళ్లు 1994లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో బెల్లం ఊపిరితిత్తుల్లోని దుమ్ము కణాలు కదిలిపోవడానికి కొంత తోడ్పడిందని రాశారు. బెల్లం తినండి. కానీ ముందు మాస్కు పెట్టుకోండి, గాలి వచ్చే వైపు నిలబడండి.

రెండో ఆదివారం లప్పం. శుభ్రమైన ఇనుము మీద ముందు ఎపాక్సీ ప్రైమరు, అది గట్టిపడ్డాక 80 నంబరు కాగితంతో కాస్త గరుకు చేసి లప్పం. హార్డెనరు నూటికి రెండు పాళ్లు చాలు. మే నెల ఎండలో అది కలిపిన నాలుగైదు నిమిషాల్లో రాయి అవుతుంది కాబట్టి నిమ్మకాయంత కలుపుకుంటూ పోవాలి. తొందరపడి హార్డెనరు ఎక్కువ వేస్తే తర్వాత పగుళ్లు. లప్పం గుంటను పూడ్చడానికి కాదు, గీతలు కనబడకుండా చేయడానికి. రేకును సుత్తితో, వెనక ఇనుప దిమ్మతో సరిచేసి, చివరి రెండు మిల్లీమీటర్లే లప్పానికి వదలాలి. బాగా పని తెలిసిన టింకరింగ్ మేస్త్రి కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరి ఎత్తుపల్లాలు చెబుతాడు. నాకు అది రాలేదు. నాయిన పలుచని గుడ్డ మీద నుంచి నిమరమన్నాడు. అప్పుడు తెలిసింది.

వాటర్ పేపరుతో రుద్దాక ఒక పొరపాటు చాలామంది చేస్తారు. లప్పం నీళ్లు పీల్చుతుంది. పూర్తిగా ఆరకుండా ప్రైమరు కొడితే తుప్పును మనమే లోపల పెట్టి తలుపు వేసినట్టు. మేము ఒక పగలంతా ఎండబెట్టాం.

పై రంగు మాత్రం మేము కొట్టలేదు. ఇది నేను ఎవరికైనా చెప్పే మాటే: తుప్పు తీయడం, అతుకు, లప్పం, ప్రైమరు దాకా సొంతంగా చేసుకోండి, ఆఖరి రంగు బూత్ ఉన్న మేస్త్రికి వదిలేయండి. ఇప్పటి కారు రంగుల హార్డెనర్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. 1984లో భోపాల్‌ను చంపిన విషవాయువుది ఇదే కుటుంబం. రంగులో ఉండేవి అంత సులువుగా ఆవిరయ్యేవి కావు, కానీ గన్నుతో కొట్టినప్పుడు మంచులా గాల్లో తేలి ఊపిరిలోకి పోతాయి. ఒకసారి శరీరం వాటికి తిరగబడితే జీవితాంతం ఉబ్బసం. చేతిరుమాలు కట్టుకుంటే ఆగవు. రోడ్డు పక్క చెట్టు కింద ముక్కుకు గుడ్డ కట్టుకుని రోజుకు నాలుగు బండ్లకు రంగు కొట్టే కుర్రాళ్లను జాతీయ రహదారి వెంట చూసినప్పుడల్లా నాకు గొంతు దాకా ఏదో అడ్డం పడుతుంది. ఐటీఐలలో వెల్డరు కోర్సు ఏడాది, ఫిట్టరు కోర్సు రెండేళ్లు. ఈ కుర్రాళ్లలో చాలామంది ఆ గడప తొక్కలేదు, పని పక్కవాణ్ని చూసి నేర్చుకున్నారు. ఆదివారం పూట సాయంత్రం రెండు గంటలు ఆ వర్క్‌షాపుల తలుపులు వాళ్లకు తీస్తే, రంగు గన్ను పట్టుకునే ముందు మాస్కు పట్టుకోవడం నేర్చుకునేవారు. కట్టె ముద్ర చదవడం ఆ అక్కకు కూడా అక్కడే చెప్పవచ్చు.

ఆ రోజు ఇస్నాపూర్‌లో ఆ అక్క నేను చెప్పింది విని, బస్తా అంతా నేల మీద గుమ్మరించింది. ఇద్దరం కూర్చుని ఏరాం. ‘ఎంబీ’ ముక్కలు మూడు, నల్ల మరకలవి ఐదో ఆరో, రంగు వేసినవి రెండు. వాటిని పక్కన పెట్టాక కుప్ప పెద్దగా తగ్గలేదు. పక్క గది ఒడియా కుర్రాడు వచ్చి ఆ ముద్ర ఫోటో తీసుకున్నాడు. అతను పని చేసేది ప్యాకింగ్ సెక్షన్‌లోనట. ఆ ముద్రలు రోజూ చూస్తాడట, అర్థం తెలియదట.

మూడో ఆదివారం మా బండి తలుపు బిగించాం. రంగు ఇంకా వేయలేదు, ప్రైమరు బూడిద రంగులోనే ఉంది. మిరుగు వాన ఆ వారమే వచ్చింది. నాయిన గొడుగు పట్టుకుని బండి దగ్గరికి పోయి వంగి చూస్తున్నాడు. నేనూ పోయి వంగాను. తలుపు అడుగున మూడు రంధ్రాల్లోంచి నీళ్లు సన్నగా, ఆగకుండా, బయటికి కారుతున్నాయి.